ఇక్కడ తెరుచుకున్న లింకు తిరుపతిలో ఎందుకు తెరుచుకోదు?

ఇటీవలే అమెరికా చేరిన చిత్తూరు యువకుడొకరు నన్ను అడిగిన సందేహం ఇది. తిరుపతిలో ఎం.ఎస్. దరఖాస్తులకు సిద్ధమవుతున్న తన జూనియర్లకు ఆయన పవర్‌పాయింట్ స్లైడ్లు తయారుచేసి పంపారు. తన ల్యాప్‌టాప్‌లో లింకులన్నీ పనిచేస్తున్నాయి, అక్కడ మాత్రం సగం తెరుచుకోవడం లేదు. ఫైలు పాడైందేమోనని ఆయన అనుమానం.

ఫైలు పాడయ్యే అవకాశం చాలా తక్కువ. లింకు పెట్టినప్పుడు స్లైడులోకి చేరేది చిరునామా మాత్రమే, ఆ చిరునామాలో ఉన్నది కాదు. అందుచేత ముందుగా, లింకు నొక్కినప్పుడు తెరమీద ఏమి కనిపిస్తోందో ఫొటో తీసి పంపమని అవతలివారిని అడగండి. కారణం చాలావరకు దానితోనే తేలిపోతుంది.

అనుమతి అడిగే పేజీ కనిపిస్తే ఫైలు గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో ఉండి, ఇతరులకు తలుపు వేసి ఉందన్నమాట. గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పెట్టగానే అది 'రెస్ట్రిక్టెడ్'గానే, అంటే మీరు అనుమతించినవారికి మాత్రమే తెరుచుకునేలా ఉంటుంది. మీ బ్రౌజర్‌లో మీరు ఎప్పుడూ లాగిన్ అయి ఉంటారు కనుక ఆ సంగతి మీకు తెలియదు; తిరుపతిలో పొద్దున్నే అనుమతి అడిగినవారు, ఇక్కడ రాత్రి గడిచి మీరు నిద్ర లేచేదాకా వేచి ఉండవలసిందే. 'షేర్'లోకి వెళ్లి 'ఎనీవన్ విత్ ద లింక్' ఎంచుకుని, 'వ్యూయర్'గా (చూడటానికి మాత్రమే) ఉంచండి. అయితే పాస్‌పోర్టు, ఐ-20 (అమెరికా యూనివర్సిటీ విద్యార్థి వీసా కోసం ఇచ్చే పత్రం) నకళ్లు ఉన్న ఫోల్డరును మాత్రం ఎన్నడూ ఇలా తెరిచి పెట్టకండి. ఆఫీసు లేదా యూనివర్సిటీ ఖాతాలలో బయటివారికి పంచుకోవడాన్నే నిషేధించి ఉండవచ్చు. అప్పుడు సొంత ఖాతాలో పెట్టుకోవడం తప్ప మార్గం లేదు.

ఫైలు దొరకలేదని వస్తే తప్పు మరోచోట ఉంది. కొత్తలో నేనూ ఆ పని చేశాను: చిత్తూరులో విద్యార్థుల ముందు చూపించడానికి పంపిన స్లైడ్లలో ఒక ఎక్సెల్ షీటుకు లింకు ఇచ్చాను, ఆ షీటేమో ఇక్కడ నా కంప్యూటర్ సి డ్రైవ్‌లో ఉంది! ఇటువంటి లింకులు ఉన్నప్పుడు ముందుగా అన్ని ఫైళ్లనూ ఒకే ఫోల్డరులో చేర్చి, ఆ తర్వాతే లింకులు పెట్టి, మొత్తం ఫోల్డరును జిప్ చేసి పంపాలి. అందుకున్నవారు దానిని పూర్తిగా విప్పిన తర్వాతే స్లైడ్లు తెరవాలి. ఫైలు పేర్లలో హ్యాష్ గుర్తు (#) వాడకండి, దానితో ఆఫీస్ లింకులు తెగిపోతాయి.

పేజీ చిరునామాయే మారిపోవడం మరొక కారణం. టీటీడీ అధికారిక వెబ్‌సైట్ 2024లో 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' (ttdevasthanams.ap.gov.in)గా మారింది. అంతకు ముందు తయారైన దర్శనం టికెట్ల స్లైడ్లలో పాత చిరునామానే మిగిలి ఉంటుంది. దేవస్థానం పేరుతో నకిలీ సైట్లు కూడా పుట్టుకొస్తున్నాయి గనుక, 'ఇక్కడ నొక్కండి' అని వదిలేయకుండా సైటు పేరు స్లైడు మీద కనిపించేటట్లు రాయడమే నాకు ఇష్టం. నొక్కినా ఏమీ రాకపోతే ఆ లింకు చివర ఖాళీయో చుక్కో అంటుకుందేమో చూడండి. లేదా వారు స్లైడ్ షో మొదలుపెట్టే ఎఫ్5 నొక్కకుండా ఎడిటింగ్ తెరలోనే ఉన్నారేమో అడగండి, అక్కడ కంట్రోల్ పట్టుకుని నొక్కాలి. పీడీఎఫ్‌గా పంపేవారు 'ప్రింట్' ద్వారా కాక 'సేవ్ యాజ్' ద్వారా చేయాలి, ప్రింట్ దారిలో లింకులు సాధారణంగా పోతాయి.

పంపే ముందు బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, ఎక్కడా లాగిన్ కాకుండా ఒక్కొక్క లింకునూ అతికించి చూడండి. చిత్తూరు యువకుడు ఆ పని చేసిన పది నిమిషాలకే, తెరుచుకోని లింకులన్నీ తన యూనివర్సిటీ ఖాతాలోని ఫైళ్లవేనని నాకు ఫోన్ చేసి చెప్పారు.