పక్కవాద్యంతో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మాది రాజమండ్రి, పదిహేనేళ్ళుగా ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఇయర్ 12 (మన ఇంటర్ మొదటి ఏడు లాంటిది) చదువుతోంది. పియానో బాగా వాయిస్తుంది. జాజ్‌లో డిగ్రీ చేస్తానంటోంది. అదీ సోలో కాదట, పాడేవాళ్ళ వెనక, శాక్సఫోన్ వాళ్ళ వెనక వాయించడమే ఇష్టమట. కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చే మార్కులున్నాయి. వెనక వాయించేవాళ్ళకి జీవితం ఉంటుందాండీ?

జవాబు: నమస్కారమండీ. మీరు ‘వెనక’ అన్నారు. మన పెద్దలు ‘పక్కవాద్యం’ అన్నారు. వయొలిన్ సరిగ్గా కుదరకపోతే ఎంత గొప్ప గాత్రమైనా కుంటుతుందని కచేరీలు విన్నవాళ్ళకి తెలుసు. జాజ్‌లోనూ అంతే.

మీకు బ్రిటిష్ జాజ్ పియానిస్టు స్టాన్ ట్రేసీ సంగతి చెప్పాలి. 1926లో దక్షిణ లండన్‌లో పుట్టాడు. పదహారేళ్ళకే అకార్డియన్‌తో సంపాదన మొదలుపెట్టాడు, తర్వాత ఓడల మీద ప్రయాణికులకు వాయించాడు, టెడ్ హీత్ బ్యాండులో చేరాడు. 1960లో లండన్‌లోని రోనీ స్కాట్ జాజ్ క్లబ్బులో ఆస్థాన పియానిస్టయ్యాడు. అప్పుడది గెరార్డ్ స్ట్రీట్‌లో ఒక నేలమాళిగ. అమెరికా వాద్యకారులు బ్రిటన్‌లో వాయించాలంటే రెండు దేశాల సంగీతకారుల సంఘాలు ఒప్పుకోవాల్సిన రోజులవి. 1961లో అమెరికా శాక్సఫోన్ వాద్యకారుడు జూట్ సిమ్స్ రాకతో వాళ్ళకి ఆ క్లబ్బుకి దారి తెరుచుకుంది. అయితే వచ్చేవాడు తన వాద్యంతో ఒంటరిగా వస్తాడు, పక్కన వాయించాల్సింది ఇక్కడివాళ్ళే. అలా సోనీ రోలిన్స్, బెన్ వెబ్‌స్టర్, స్టాన్ గెట్జ్ లాంటి పేరున్న శాక్సఫోన్ వాళ్ళందరి పక్కన ట్రేసీ కూర్చున్నాడు. ఒక్కొక్కరిది ఒక్కో బాణీ. దాదాపు ఏడేళ్ళు, వారంలో చాలా రాత్రులు అదే పని. అంతకన్నా గొప్ప గురుకులం ఎక్కడుంటుంది చెప్పండి!

రెండో సగం కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. క్లబ్బు వదిలేశాక, 1970ల మొదట్లో పనులు తగ్గి, పోస్ట్‌మన్ ఉద్యోగంలో చేరాలా అని ఆలోచించే దాకా వచ్చాడాయన. భార్య జాకీ అడ్డంగా నిలబడి, సంగీతం వదలనివ్వలేదు. ఆయన్ని నిలబెట్టింది సొంత రచన. డిలన్ థామస్ నాటకం ‘అండర్ మిల్క్ వుడ్’ ఆధారంగా 1965లో కట్టిన సూట్‌ని (వరసగా వాయించే రచనల మాలని) బ్రిటిష్ జాజ్‌లో ఈనాటికీ తలుచుకుంటారు. అందులో కొంత, క్లబ్బు నుంచి ఇంటికెళ్ళే రాత్రి బస్సులో రాసుకున్నదే. తర్వాత లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు, 2008లో సీబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ గౌరవం అందుకున్నాడు, 2013లో పోయేదాకా వాయిస్తూనే ఉన్నాడు.

అందుకే మీ అమ్మాయితో నేననేది ఒకటే: పక్కవాద్యాన్ని ప్రాణంగా చూసుకో, కానీ నీ పేరు మీద నాలుగు బాణీలు కూడా ఉండాలి. ఒక్క క్లబ్బునో ఒక్క గాయనినో నమ్ముకుని కూర్చోకూడదు. ఇప్పటి పియానిస్టులు క్లబ్బులతో పాటు మ్యూజికల్ థియేటర్లో, డాన్స్ తరగతుల్లో వాయిస్తారు, పాఠాలు చెబుతారు. నెల జీతం ఉండదు, పన్ను లెక్కలు తామే చూసుకోవాలి. కంప్యూటర్ ఉద్యోగంతో పోల్చదగ్గ ఆదాయం వస్తుందని నేను మాటివ్వలేను.

లీడ్స్, బర్మింగ్‌హామ్ సంగీత కళాశాలలు, లండన్‌లో గిల్డ్‌హాల్, రాయల్ అకాడమీ, ట్రినిటీ లాబన్ జాజ్ డిగ్రీలిస్తాయి. చాలావాటికి దరఖాస్తు యూకాస్ కన్సర్వటాయర్స్ (సంగీత కళాశాలల ఉమ్మడి దరఖాస్తు సేవ) ద్వారా, గిల్డ్‌హాల్‌కి మాత్రం నేరుగా ఆ కళాశాలకే; గడువు అక్టోబరు మొదట్లోనే ముగుస్తుంది. మామూలు డిగ్రీలకి జనవరి దాకా టైముందని చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. ఇక్కడ స్థిరనివాస హక్కున్న పిల్లలకి సాధారణంగా మిగతా డిగ్రీల్లాగే స్టూడెంట్ లోను వస్తుంది. ఆడిషన్‌లో నెగ్గకపోతే కంప్యూటర్ సైన్స్ ఎక్కడికీ పోదు, ఆ దరఖాస్తు కూడా పెట్టించండి.

అంతకన్నా ముందు ఇంట్లో ఒక పరీక్ష. గాయని వచ్చి “ఈ-ఫ్లాట్ శ్రుతి నాకు ఎత్తు, సీ శ్రుతిలో వాయించు” అంటే అప్పటికప్పుడు మార్చగలగాలి. బేస్ (మంద్రంగా పలికే తీగవాద్యం) వాయించేవాడి స్వరం తన ఎడమచేత్తో తొక్కేయకూడదు. గాయని ఊపిరి తీసుకునే సందులో రెండు స్వరాలు వేసి తప్పుకోవాలి. ఇదంతా వేళ్ళ పని కన్నా చెవుల పని. ఈ ఆదివారం మీకొచ్చిన పాట ఏదైనా, మీ శ్రుతిలో, మీరే పాడండి. అమ్మాయిని పియానో దగ్గర కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డు చేసి, ఇద్దరూ కలిసి వినండి. మీరు తడబడ్డ చోట తను ఏం చేసిందో గమనించి నాకు రాయండి.