నెమలికంఠం చీరని ఫోటో తీయకు

అమ్మలూ,

నిన్న ఫోనులో నువ్వడిగినదానికి హడావిడిలో ఏదో చెప్పి పెట్టేశాను. రాత్రంతా అదే మనసులో తిరిగింది. "పెద్దమ్మా, చీరలు ఫేస్‌బుక్‌లో పెట్టనా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టనా?" అన్నావు. రెండింట్లోనూ పెట్టెయ్ అని ఎవరైనా చెప్తారు. వేళచ్చేరిలో చంటిబిడ్డతో ఒక్కదానివే ఉంటూ, రోజు మొత్తంలో రెండు గంటలు కూడా చేతికి చిక్కని నీకు ఆ మాట ఎందుకూ పనికిరాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఓపికగా చదువు.

ఏ చీరో చెప్పు, ఎక్కడ పెట్టాలో నేను చెప్తాను. 2014 నుంచి అమ్ముతున్నాను కదా, నాకు తెలిసిందంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

మొన్న నా దగ్గరికి వెంకటగిరి నుంచి నెమలికంఠం రంగు పట్టుచీర ఒకటి వచ్చింది. పడుగు, అంటే నిలువు పోగులు, నీలం; పేక, అంటే అడ్డపోగులు, పచ్చ. చేతిలో పట్టుకుని అటూ ఇటూ కదిపితే రంగు నీళ్ళలా పారుతుంది. పది ఫోటోలు తీశాను. కొన్నింట్లో ఉత్త నీలం, కొన్నింట్లో ఉత్త పచ్చ. బాగున్నది ఒకటి ఏరి పెడితే ఒకావిడ వెంటనే డబ్బు పంపింది. చీర చేరాక "నేను నీలం అడిగాను, మీరు పచ్చ పంపారు" అని తిప్పి పంపేసింది. ఆవిడ తప్పేం లేదు. ఫోటో ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది, ఆ చీర రంగేమో కదలికలో ఉంది. మర్నాడు పొద్దున మేడ మీద కుచ్చిళ్ళు పట్టుకుని మెల్లగా తిప్పుతూ వీడియో తీశాను. పన్నెండు సెకన్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్‌గా పెడితే సాయంత్రానికే అమ్ముడుపోయింది. కొన్నావిడ హోసూరులో ఉంటుంది, నేనెవరో ఆవిడకి అంతకుముందు తెలియనే తెలియదు.

రీల్ బలం అదే. మనల్ని ఎరగనివాళ్ళ ముందుకి కూడా వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్ 2010లో పుట్టిందే ఫోనులో తీసిన ఫోటోలు చూపించుకోవడానికి. ఒకరిని ఫాలో అయితే వాళ్ళు తిరిగి మనల్ని ఫాలో అవ్వాలని లేదు. మన దేశంలో 2020 జూన్ చివర టిక్‌టాక్‌ని నిషేధించారు. కొద్దిరోజులకే ఇక్కడ రీల్స్ వచ్చాయి, అప్పట్నుంచీ అక్కడ ఫోటో కంటే కదిలే బొమ్మదే పైచెయ్యి. కాబట్టి జాలువారేవి, మెరిసేవి, రెండు రంగులు కలిసినవి అన్నీ ఇన్‌స్టాగ్రామ్‌కే. జామ్‌దానీ, అంటే మగ్గం మీదే చేత్తో బుటాలు నేసిన చీర కూడా అక్కడే. కొంగు తిరగేసి వెనకవైపు చూపించు. చేత్తో వేసిన బుటా రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, వెనక పోగులు వేలాడవు. వంద మాటలు చెప్పినా కలగని నమ్మకం ఆ తిప్పడంలో కలుగుతుంది.

ఇక మంగళగిరి నూలు చీర సంగతి. ఒళ్ళంతా సాదా, నిజాం అంచు అనే జరీ అంచు. రీల్‌లో పెడితే ఎవరూ ఆగి చూడరు. చూడగానే మనసు లాగే చీర కాదది, కట్టుకున్నవాళ్ళకే దాని సుఖం తెలుస్తుంది. దాన్ని ఫేస్‌బుక్‌లో, మన తెలుగు ఆడవాళ్ళ గ్రూపుల్లో పెట్టు. అక్కడ అడుగుతారు: జాకెట్టు గుడ్డ ఉందా, ఎన్ని మీటర్లు, మొదటి ఉతుకులో రంగు దిగుతుందా, గంజి పెట్టాలా? ఓపికగా తెలుగులోనే జవాబివ్వు. కింద ఇంకెవరో వచ్చి "నేను ఈవిడ దగ్గర తీసుకున్నాను, రెండేళ్ళయింది, ఇంకా కడుతున్నాను" అని రాస్తారు. ఆ ఒక్క కామెంటు ఎన్ని రీళ్ళు పెడితే వస్తుంది? ఫేస్‌బుక్ 2004లో కాలేజీ పిల్లలు ఒకరినొకరు పలకరించుకోవడానికి మొదలైంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే స్నేహం. ఆ లక్షణం దాన్ని ఇంకా వదల్లేదు. అక్కడ సరుకు కంటే ముందు మనిషిని చూస్తారు.

ఇంకో సుగుణం కూడా ఉంది. ఎప్పుడో పెట్టిన పోస్టు కింద ఎవరైనా "ఇది ఇంకా ఉందాండీ?" అని అడిగితే అది గ్రూపులో మళ్ళీ పైకి వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ ఇరవైనాలుగు గంటల్లో మాయమవుతుంది. ఈరోజు చేతిలో ఉన్న సరుకు చూపడానికి అది బాగానే ఉంటుంది. ఉంచుకోవాల్సినవి మాత్రం హైలైట్స్‌లో దాచు, అక్కడ పెట్టిన స్టోరీలు మాయమవ్వవు. మరొకటి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద లింకు రాస్తే నొక్కినా తెరుచుకోదు, దాన్ని బయోలో, అంటే ఖాతా పేరు కింద మన గురించి రాసుకునే చోట పెట్టుకోవాలి. ఫేస్‌బుక్‌లో ఆ ఇబ్బంది లేదు.

గ్రూపులో చేరగానే చీరలు గుమ్మరించకు. చాలా గ్రూపుల్లో అమ్మకాలకి ఒక రోజంటూ ఉంటుంది, అడ్మిన్‌ని అడిగి పెట్టు. ముందు రెండు వారాలు ఊరికే అందరితో మాట్లాడు. పేజీ కూడా ఒకటి తెరువు, కానీ పేజీని లైక్ చేసినవాళ్ళందరికీ మన పోస్టు కనిపిస్తుందని అనుకోకు. అలాగని సొంత ఖాతానే కొట్టు చేసుకోవద్దు. నేను అదే చేశాను. ఐదువేల మంది స్నేహితులయ్యాక కొత్తవాళ్ళని చేర్చుకోవడం కుదరక, పేజీ తెరిచి మళ్ళీ మొదటినుంచి అందరినీ పిలుచుకోవాల్సి వచ్చింది.

ధర రాయి. ఈ విషయంలో నేను పట్టుబడతాను. "ధర కోసం మెసేజ్ చేయండి" అనడం నాకు బొత్తిగా నచ్చదు. అడగడానికి మొహమాటపడేవాళ్ళు బోలెడుమంది ఉంటారు, వాళ్ళు నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు. మనిషిని బట్టి ధర చెప్తున్నారేమోనన్న అనుమానం కూడా వస్తుంది. రెండుచోట్లా ఒకే ధర పెట్టు. పోస్టు ఖర్చు కలిపావో లేదో కూడా అక్కడే రాయి.

వీడియో తీసే పద్ధతి చెప్తాను. మన మద్రాసు ఎండ తొమ్మిది దాటితే రంగుని తినేస్తుంది. ఏడుకీ ఎనిమిదికీ మధ్య, నీళ్ళ ట్యాంకు నీడలో, తెల్లగోడ ముందు నిలబడు. ముందు ఫోను కెమెరా అద్దం మెత్తటి గుడ్డతో తుడువు. ఫిల్టర్లన్నీ తీసెయ్. మొహం అందంగా రావడం కాదు కావలసింది, చీర ఉన్నదున్నట్టు రావడం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవగానే కనబడే గడులు 2025 నుంచి నిలువుగా ఉంటున్నాయి, అంతకుముందు చదరంగా ఉండేవి. అంచూ కొంగూ రెండూ ఆ నిలువు గడిలోకి వచ్చేలా చూసుకో. బిడ్డని మాత్రం వీడియోలోకి రానివ్వకు, ఎంత ముద్దుగా ఉన్నా సరే. వీధి ముఖం, ఇంటి నంబరు పడకూడదు. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకో.

ఇప్పుడు చెప్పేది గుర్తుపెట్టుకో. ఒక దీపావళి ముందు నాకొక మెసేజ్ వచ్చింది: మీ పోస్టు ఎవరి హక్కులకో భంగం కలిగించింది, ఇరవైనాలుగు గంటల్లో ఈ లింకు నొక్కి అప్పీలు చేసుకోకపోతే ఖాతా మూసేస్తాం అని. కంపెనీ వాళ్ళే పంపారనుకుని కంగారులో నొక్కాను, పాస్‌వర్డ్ కూడా కొట్టాను. పంపింది ఎవడో దొంగ. గంటలో ఖాతా వాడి చేతికి పోయింది, ఆర్డర్లు రాసిన మెసేజ్‌లన్నీ అందులోనే ఉండిపోయాయి. ఎవరికి ఏ చీర పంపాలో తెలియక పండగ పూట ఏడుస్తూ కూర్చున్నాను. మీ పెదనాన్న ఒక పొడుగు నోటు పుస్తకం కొనుక్కొచ్చి నా ముందు పెట్టారు. ఆ రోజు నుంచి ప్రతి ఆర్డరూ పేరు, ఊరు, ఫోను, చీర, తారీఖుతో అందులో ఎక్కుతోంది. నువ్వూ మొదటి రోజు నుంచే రాసుకో. రెండు ఖాతాలకీ టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు పెట్టుకో, పాస్‌వర్డ్‌లు వేరువేరుగా ఉంచు. ఇన్‌స్టాగ్రామ్‌ని 2012లో ఫేస్‌బుక్ కొనేసింది, రెండూ ఒకే కంపెనీవి. రెండింటినీ కలిపి ముడేసుకుంటే ఒకటి పోయినప్పుడు రెండోదానికీ గండం. అలాగే డబ్బు కట్టామని స్క్రీన్‌షాట్ పంపితే చాలనుకోకు, బ్యాంకు ఖాతాలో పడ్డాకే చీర మడతపెట్టు.

నీకున్న ఆ రెండు గంటలకి నా లెక్క ఇది. మొదటి మూడు నెలలు ఎక్కువ సమయం ఫేస్‌బుక్ గ్రూపులకే ఇవ్వు. నువ్వు తెచ్చిన సరుకులో నూలు చీరలే ఎక్కువ, పైగా నీ మాట మెత్తన, నలుగురూ ఇష్టపడతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో వారానికి రెండు రీళ్ళు చాలు, అవి కూడా పట్టుచీరలవే. లైకులు లెక్కపెట్టుకోకు. రెండోసారి కొన్నవాళ్ళు ఎంతమందో నోటు పుస్తకంలో చూసుకో.

మా పేట పేరులోనే మగ్గం ఉంది, నీకెప్పుడైనా చెప్పానా? తమిళంలో తరి అంటే మగ్గం. 1730ల్లో ఈస్టిండియా కుంపిణీ వాళ్ళు నేతవాళ్ళని తెచ్చి ఇక్కడ నిలిపారట, ఆ చిన్నతరిపేటే చింతాద్రిపేట అయిందంటారు. పొద్దున్నే మేడ మీద చీర ఆరబోసినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

ఆదివారం ఏడింటికల్లా వచ్చెయ్. బిడ్డని మీ పెదనాన్న చూసుకుంటారు. నీ దగ్గరున్న ఆ వంగపండు రంగు పట్టుచీర తీసుకురా, పడుగు ఎరుపో కాదో వెలుగులో చూసి, మొదటి రీల్ ఇక్కడే తీద్దాం. ఇడ్లీ పెడతాను, ఏమీ తినకుండా బయల్దేరు.

మీ చింతాద్రిపేట పెద్దమ్మ