పాత లారీకి కూలెంట్: రంగు తర్వాత, ముందు నీళ్ల సంగతి చూడండి

అడిగిన ప్రశ్న: "మా నాన్నగారి పాత ఆరు చక్రాల లారీలో ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోశాం. ఇప్పుడు మేస్త్రి కూలెంట్ పోయమంటున్నాడు. ఆకుపచ్చది కొనాలా, ఎర్రది కొనాలా? పాతది తీసి కొత్తది ఎలా పోయాలి?"

కూలెంట్‌కు, అంటే ఇంజన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవానికి, రంగు దానంతట అది రాదు, తయారుచేసినవారు కలుపుతారు. ఏ రంగు కలపాలన్న నియమం అన్ని కంపెనీలకూ ఒకటి కాదు కనుక, ఒకరి ఆకుపచ్చ డబ్బాలో ఉన్న మందు, ఇంకొకరి ఆకుపచ్చ డబ్బాలో ఉన్న మందు ఒకటేనని అనుకోవడానికి వీల్లేదు. మీ ప్రశ్న చదవగానే నా కన్ను పడింది రంగు మీద కాదు, "బోరు నీళ్లే" అన్న మాట మీద. నా అభిప్రాయంలో మన ప్రాంతపు పాత లారీల ఇంజన్లను ఎండ కంటే ఎక్కువగా పాడుచేసింది ఆ నీళ్లే.

మేము కొన్న లారీ అంతకుముందు పిడుగురాళ్ల వైపు తిరిగినది. అది సున్నపురాయి నేల కాబట్టి అక్కడి బోరు నీటిలో సున్నం ఎక్కువగా ఉంటుంది. మొదటి ఓనరు దారిలో ఎక్కడ ఏ పంపు కనబడితే అక్కడ నీళ్లు పట్టి పోయించేవారట. మా దగ్గరకు వచ్చాక మే నెలలో ఎరువుల బస్తాలతో గుంటూరు నుంచి కర్నూలుకు బయలుదేరితే, దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతున్నప్పుడు మీటరు ముల్లు ఎర్ర గీత మీదికి పోయి, రేడియేటర్ మూత దగ్గర బుసబుసమని ఆవిరి లేచింది. చెట్టు నీడన ఆపి, ఇంజన్ పూర్తిగా చల్లబడేదాకా మూత ముట్టకుండా కూర్చుని, ఆ తర్వాత నీళ్లు పోసి, చిన్న గేర్లో పాకించుకుంటూ ఆత్మకూరు చేరాము. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది, వాటర్ బాడీ (నీటి పంపు) కారడం లేదు, హోస్ పైపులూ బాగానే ఉన్నాయి. తిరిగి వచ్చాక విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేడియేటర్ షెడ్డుకు తీసుకెళితే, అక్కడి పెద్దాయన మంట పెట్టి పైట్యాంకు అతుకు కరిగించి ఊడదీసి, టార్చి లైటు వేసి నన్ను వంగి చూడమన్నారు. రాగి గొట్టాల నోళ్లలో సగానికి పైగా తెల్లటి, అక్కడక్కడ తుప్పు రంగు పట్టిన గారతో మూసుకుపోయి ఉన్నాయి. ఆయన సన్నని ఇనుప పట్టీని ఒక్కో గొట్టంలో దింపి లాగుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడి గోనెపట్టా మీద కుప్పపడింది. "బాబూ, ఇది రేడియేటర్ కాదు, మీ పిడుగురాళ్ల సున్నపు బట్టీ" అన్నారు. "ఇంజన్ లోపల కూడా ఇదే ఉంటుంది కదా బాబాయ్" అంటే, "అక్కడికి నా పట్టీ పోదు మరి" అని నవ్వారు.

"మనకు మంచు కురవదు కదా, లంబసింగిలో తప్ప, మరి కూలెంట్ ఎందుకు?" అని వాదించేవారు ప్రతి లారీ స్టాండులోనూ ఉంటారు. నీరు గడ్డకట్టకుండా చూడడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. అందులోని ఇథిలీన్ గ్లైకాల్‌ను నీటితో సగం సగం కలిపితే మరిగే స్థాయి 100 డిగ్రీల నుంచి సుమారు 107 డిగ్రీలకు పెరుగుతుంది, మూత లోపల నిలబెట్టే ఒత్తిడి వల్ల అది ఇంకా పైకి పోతుంది. మూత రబ్బరు చితికిపోయినా, స్ప్రింగు సడలినా ఆ లాభం పోతుంది గనుక కూలెంట్ కొనేటప్పుడే సరైన ఒత్తిడి గల కొత్త మూత కూడా కొనండి. గ్లైకాల్ కంటే కూడా మనకు ముఖ్యమైనవి అందులో కలిపే తుప్పు నిరోధకాలు. వెట్ లైనర్లు ఉన్న డీజిల్ ఇంజన్లలో, అంటే పిస్టన్ ఆడే గొట్టమైన లైనర్ వెలుపలి గోడకు నీరు నేరుగా తగిలే వాటిలో, లైనర్ అదురుకు నీటిలో బుడగలు పుట్టి, ఆ గోడ మీదే పగులుతూ క్రమంగా సూది బెజ్జాల వంటి గుంటలు చేస్తాయి. అవి లోపలికి తెరుచుకున్ననాడు నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. నైట్రైట్ అనే నిరోధకం ఉన్న కూలెంట్ ఆ గోడ మీద పలుచని పొర కట్టి దాన్ని కాపాడుతుంది. కార్ల కోసం అమ్మే చవక డబ్బా ఈ పనికి చాలదని నేను అనడం అందుకే.

కాబట్టి రాగి, ఇత్తడి రేడియేటర్, సీసం అతుకులు ఉన్న పాత లారీకి నేను ఎంచుకునేది హెవీ డ్యూటీ డీజిల్ ఇంజన్లకని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న, నైట్రైట్ గల పాత తరహా కూలెంట్. హెవీ డ్యూటీ ఇంజన్ల కూలెంట్‌కు ఉన్న ప్రమాణమైన ఏఎస్‌టీఎం డీ6210 అన్న గుర్తు ఉంటే మరీ మంచిది. ఐదేళ్లు పనిచేస్తుందని చెప్పే ఆర్గానిక్ ఆమ్లాల రకం కొత్త అల్యూమినియం రేడియేటర్లకు బాగుంటుంది గానీ, పాత అతుకుల మీద దాన్ని ప్రయోగించాలని నాకు అనిపించదు. పాత తరహాది సుమారు రెండేళ్లకు మార్చవలసి వస్తుంది, అంతే తేడా. రెండు రకాలను కలిపితే మాత్రం రెండింటి నిరోధకాలూ పలుచబడి, ఏదీ సరిగా పనిచేయదు.

మార్చే రోజున లారీని చదునైన చోట నిలిపి, ఇంజన్ చల్లారాక మూత తీసి, రేడియేటర్ అడుగున ఉన్న కాక్‌తో పాటు ఇంజన్ బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ప్లగ్గును కూడా విప్పండి. చాలా షెడ్లలో రెండోదాన్ని ముట్టుకోరు, అందువల్ల పాత నీళ్లు చాలావరకు లోపలే ఉండిపోతాయి. శుభ్రమైన నీళ్లు పోసి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, చల్లార్చి వదిలేయడం తేట నీళ్లు వచ్చేదాకా చేయాలి. కాస్టిక్ సోడా పోసి కడుగుతామంటే ఒప్పుకోకండి, అది అతుకులను, అల్యూమినియం భాగాలను తింటుంది. ఎంత కడిగినా కొంత నీరు లోపల మిగులుతుంది గనుక, రెడీమేడ్‌గా కలిపినది కాకుండా చిక్కటి కూలెంట్ కొని, మాన్యువల్‌లో చెప్పిన మొత్తం కొలతలో సగం ముందుగా పోసి, మిగతాది బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే పాళ్లు సరిపోతాయి. బలం కోసమని నీళ్లు కలపకుండా పోసేవారూ ఉన్నారు. గ్లైకాల్ వేడిని మోసే శక్తి నీటిలో సుమారు 60 శాతమే, దానితో ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. మూత పెట్టకుండా ఇంజన్ నడిపి, పై హోస్ పైపు వేడెక్కాక, గాలి బుడగలు ఆగాక, తగ్గిన మేర నింపండి.

ఆ పని జరుగుతుండగా మేస్త్రి "వాల్వు తీసేస్తాను, ఇక హీటెక్కదు" అంటాడు. నీళ్లు తగినంత వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే థర్మోస్టాట్‌ను వాల్వు అని పీకి పారేయడం మన షెడ్లకు పట్టిన జాడ్యం. చాలా ఇంజన్లలో అది తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. తేలిక లోడుతో నడిచేటప్పుడేమో ఇంజన్ తగినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది. పాతది మరిగే నీళ్లలో వేస్తే తెరుచుకోకపోతే కొత్తది వేయించండి గానీ, ఖాళీగా వదలనివ్వకండి.

బయటికి తీసిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందు కాలువలోకి వదలనివ్వవద్దు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పశువులు తాగుతాయి, కొద్దిపాటి తాగినా మూత్రపిండాలు చెడి చస్తాయి. మూత ఉన్న డబ్బాలోకి పట్టించి, పాత ఆయిల్ కొనేవారు తీసుకుంటారేమో అడగండి.