ముందు ఆమెను తెలుగులో చెప్పుకోనివ్వు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

లాయరుగా నీ మొదటి ఫైలు సంగతి రాత్రి ఫోన్లో చెప్పావు. అన్నను కారు గుద్దడం కళ్లారా చూసిందనీ, అప్పటినుంచి ఆ అమ్మాయి మామూలు మనిషి కాలేదనీ అన్నావు. తనవాళ్ల ప్రమాదం చూసి మనసు దెబ్బతిన్నవాళ్లు పరిహారం అడిగే ఇలాంటి కేసులు ఇంగ్లండులో చాలా ఏళ్లు చూశాను కాబట్టి రాస్తున్నాను.

‘అన్న’ అనగానే రాసేసుకోకు. సొంత అన్నా, పెదనాన్న కొడుకా అని అడుగు. మనకు ఇద్దరూ అన్నలే, అక్కడి కోర్టుకు కాదు. 1989లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో జనం నలిగి చనిపోయిన దుర్ఘటన మీద 1991లో వచ్చిన ఆల్కాక్ తీర్పు చదివే ఉంటావు. తల్లిదండ్రులు, పిల్లలు, భార్యాభర్తలు, పెళ్లి కుదిరినవాళ్లు అయితే ప్రమాదంలో పడ్డవాళ్లతో దగ్గరితనం ఉందనే కోర్టు అనుకుంటుంది. తోడబుట్టినవాళ్లయినా సరే రుజువు చూపాలి. ఆ రోజు స్టేడియంలోనే ఉండి, ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న ఒకాయన అనుబంధానికి సాక్ష్యం లేదన్న కారణంతో ఓడిపోయాడు. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. అందుకే ఒకే ఇంట్లో పెరిగారా, ఆమె ఫీజు ఎవరు కట్టారు, రోజూ ఫోన్ చేసుకునేవాళ్లా, అన్నీ ఇప్పుడే సేకరించు.

ఇక అసలు విషయం. దుఃఖానికి పరిహారం రాదు, డాక్టర్లు గుర్తించే మానసిక జబ్బు ఉండాలి. మనవాళ్లేమో జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్లి తలనొప్పి అంటారు, నిద్ర పట్టడం లేదంటారు, అంతకు మించి నోరు విప్పరు. కొడుకు ప్రమాదాన్ని చూసిన ఒక తల్లిని నేను అడిగితే ‘ఏముంది బాబూ, బెంగ’ అంది. నేనూ దుఃఖం అనే రాసుకున్నాను. కొన్ని నెలల తర్వాత వాళ్లింటికి వెళ్తే, కుక్కర్ విజిల్ వేయకముందే పరుగున వచ్చి స్టవ్ కట్టేసింది. ఏమ్మా అంటే, ఆ చప్పుడు వినగానే బ్రేకుల కీచు గుర్తొచ్చి ఒళ్లు చల్లబడుతుందట. సైకియాట్రిస్టు దగ్గర పీటీఎస్‌డీ (భయానక ఘటన తర్వాత మనసును వదలని జబ్బు) అని తేలింది. ఆ నెలలన్నీ ఆమె మందూ మాకూ లేకుండా గడిపింది, అది నా తప్పు. నువ్వు ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి తెలుగులోనే చెప్పించుకో, ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాసుకో. రేపే జీపీ దగ్గరికి పంపు, కేసు కోసమే కాదు.

నీ ఫైలులోని అమ్మాయి అక్కడే ఉండి చూసింది కాబట్టి, ఎప్పుడు చూసిందన్న చిక్కు లేదు. తర్వాత ఆసుపత్రికి వెళ్లి చూసినవాళ్లు వస్తే గంటలు లెక్కపెట్టు. 1982 నాటి మెక్‌లాఫ్లిన్ కేసులో ప్రమాదం జరిగిన సుమారు రెండు గంటల తర్వాత ఆసుపత్రికి వెళ్లి, ఆయిలూ మట్టీ అంటుకుని ఉన్న తనవాళ్లను చూసిన తల్లి గెలిచింది. హిల్స్‌బరోలో ఎనిమిది గంటల తర్వాత శవాన్ని గుర్తుపట్టినాయనకు దక్కలేదు. కేసు వేయడానికి గడువు మామూలుగా మూడేళ్లు, డైరీలో ఇప్పుడే రాసుకో.

డాక్టర్ల నిర్లక్ష్యం కేసులొస్తే మాత్రం జాగ్రత్త. 2024 జనవరి 11న పాల్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ తలుపు దాదాపు మూసేసింది. నడిరోడ్డు మీద తండ్రి గుండెపోటుతో కుప్పకూలడం ఇద్దరు చిన్నపిల్లలు చూశారు. ఆసుపత్రి ముందే జబ్బు కనిపెట్టలేదన్నది వాళ్ల వాదన. ప్రమాదం కాదు, జబ్బు కాబట్టి కుదరదన్నారు. జడ్జీల్లో లార్డ్ బరోస్ ఒక్కడే వేరేగా చెప్పాడు, నా మనసు ఆయన వైపే. అయినా అలాంటి కుటుంబం వస్తే మొదటి వారంలోనే ఉన్నదున్నట్టు చెప్పు. చనిపోయినాయన మీద ఆధారపడ్డవాళ్లకు 1976 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ (మరణాలకు పరిహారమిచ్చే చట్టం) కింద వేరే దారి ఉంటుంది, అదీ అదే రోజు చెప్పు.

ఆ అమ్మాయితో మాట్లాడాక ఫోన్ చెయ్యి.

పెదనాన్న