లాగిన్ ఆలస్యానికి సర్వర్ కారణమా?

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్‌లో 40 కంప్యూటర్లు ఉన్నాయి. విద్యార్థి ఎక్కడ కూర్చున్నా తన ఫైళ్లు కనిపించాలని విండోస్ సర్వర్‌లో రోమింగ్ ప్రొఫైళ్లు పెట్టి, హోమ్ ఫోల్డర్లను (ఒక్కో విద్యార్థి సొంత ఫైళ్లు దాచుకునేవి) కూడా అదే షేర్‌లో, అంటే నెట్‌వర్క్ ద్వారా తెరిచే సర్వర్ ఫోల్డర్‌లో, ఉంచాము. క్లాసు మొదలైనప్పుడు లాగిన్ కావడానికే పది నిమిషాలు దాటుతోంది. కొత్త సర్వర్ కొనాలా?
– ల్యాబ్ ఇన్‌చార్జి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు ఒక విద్యార్థి డెస్క్‌టాప్ ఫోల్డర్ సైజు చూడండి. రోమింగ్ ప్రొఫైల్ అంటే విద్యార్థి సెట్టింగులు, డెస్క్‌టాప్ ఫైళ్లు వంటివన్నీ కలిసి, లాగిన్‌లో సర్వర్ నుంచి కంప్యూటర్‌కూ, లాగ్ఆఫ్‌లో తిరిగి సర్వర్‌కూ కాపీ అయ్యే మూట. డెస్క్‌టాప్ మీద 2 జీబీ వీడియోలున్న 40 మంది, అంతకుముందు తాము వాడని కంప్యూటర్లలో ఒకేసారి లాగిన్ అయితే 80 జీబీ కదలాలి. సర్వర్‌కు ఒక గిగాబిట్ కనెక్షన్ ఉంటే దానికే పది నిమిషాలకు పైగా పడుతుంది.

అందువల్ల డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను గ్రూప్ పాలసీ (అన్ని కంప్యూటర్లకూ సర్వర్ నుంచే నియమాలు పెట్టే సదుపాయం)లోని ఫోల్డర్ రీడైరెక్షన్ ద్వారా హోమ్ షేర్‌కు మళ్లించండి. అప్పుడు ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, తెరిచినది మాత్రమే నెట్‌వర్క్ మీదుగా వస్తుంది, ప్రొఫైల్‌లో ప్రధానంగా సెట్టింగులే మిగులుతాయి.

ప్రొఫైళ్లకూ హోమ్ ఫోల్డర్లకూ వేర్వేరు షేర్లు తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే రెండింటి స్వభావం వేరు. విండోస్ 7 ప్రొఫైల్ ఫోల్డర్ పేరు చివర వి2 అనీ, విండోస్ 10లో (1607 వెర్షన్ నుంచి) వి6 అనీ చేరుతుంది కనుక రెండు రకాల కంప్యూటర్లూ వాడే విద్యార్థికి రెండు ప్రొఫైళ్లు తయారవుతాయి. హోమ్ ఫోల్డర్ మాత్రం ఒక్కటే. కోటా (స్థల పరిమితి) హోమ్ షేర్‌కు పెట్టండి. ప్రొఫైల్ షేర్‌కు హార్డ్ కోటా (దాటనివ్వని పరిమితి) పెడితే, అది నిండిన రోజున లాగ్ఆఫ్ సమయంలో ప్రొఫైల్ పూర్తిగా సేవ్ కాదు. ప్రొఫైల్ షేర్‌కు ఆఫ్‌లైన్ ఫైల్స్ (సర్వర్ ఫైళ్ల నకళ్లను కంప్యూటర్‌లో దాచే) సదుపాయాన్ని కూడా ఆపివేయండి.

ఖాతాల్లో ఇచ్చే ఫోల్డర్ పాత్‌లో (చిరునామాలో) సర్వర్ పేరు రాయకుండా డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్ (అసలు సర్వర్‌కు దారి చూపే మారుపేరు) ఇస్తే, రేపు సర్వర్ మారినా వందల ఖాతాలను ఒక్కొక్కటిగా సవరించే శ్రమ తప్పుతుంది. ఒకరి ఫోల్డర్ మరొకరికి కనిపించకుండా యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్ (అనుమతి ఉన్న ఫోల్డర్లనే చూపే సదుపాయం) ఆన్ చేయండి.

రీడైరెక్షన్ పెట్టాక మొదటి లాగిన్‌లో పాత ఫైళ్లన్నీ కొత్త చోటికి కదులుతాయి కనుక ఆ ఒక్కసారి ఆలస్యం ఎక్కువే అవుతుంది. క్లాసులు లేని రోజున, పదిమంది చొప్పున లాగిన్ చేయించండి.