5 రూపాయల బిళ్ళకు 11 లక్షలా?

ప్రశ్న: మాది నిజామాబాద్ దగ్గర ఓ పల్లె. కిరాణా కొట్టు నడుపుతున్నాను. గల్లాలో వింతగా కనబడ్డ బిళ్ళల్ని ఏళ్లుగా ఓ డబ్బాలో దాస్తున్నా. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయలవి 14, నక్షత్రం గుర్తున్న రూపాయి బిళ్ళలు, కొన్ని పావలాలు, దుబాయ్ దిర్హామ్‌లు 9 ఉన్నాయి. ఒక పిల్లాడు చాక్లెట్లకిచ్చిన చార్మినార్ వెండి బిళ్ళ కూడా ఉంది. ఫోన్‌లో ప్రకటన చూసి ఫొటోలు పంపితే 11 లక్షలిస్తామన్నారు. రిజిస్ట్రేషన్‌కని 2,150 కట్టాను. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు పేరుతో ఓ కాగితం పంపి, పన్ను కింద 18,500 కట్టమంటున్నారు. చిట్టీ పాడి కట్టేయనా? - ఓ పాఠకురాలు

జవాబు: చిట్టీ జోలికి వెళ్లకండి. ఇంకొక్క రూపాయి కూడా పంపకండి. మీ కొట్టుకు సరుకు కొనడానికొచ్చినవాడు ముందు మీ దగ్గరే డబ్బడిగితే ఏమంటారు? ఇదీ అంతే. పాత నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, కమీషన్లు, పన్నులు వసూలు చేయమని ఎవరికీ చెప్పలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఈ రోజే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, మీ బ్యాంకుకూ చెప్పండి. వాళ్ల మెసేజ్‌లు, డబ్బు పంపిన వివరాలు చెరిపేయకండి. 2,150 తిరిగొస్తుందని నేను మాటివ్వలేను గానీ, ఆలస్యమైతే ఆ కాస్త ఆశా ఉండదు.

ఇక డబ్బా సంగతి. వైష్ణోదేవి బిళ్ళలు 2012లో వాడకానికే విడుదలైనవి. మీ ఒక్క గల్లాలోకే 14 వచ్చాయంటే అవి అరుదైనవి ఎలా అవుతాయి? 14 అయిదులు 70, అంతే. నక్షత్రం మన హైదరాబాద్ టంకశాల గుర్తు. అక్కడ తయారైన బిళ్ళ మీ ఊళ్లో కనబడటం వింతేం కాదు! వీటిని చిల్లరగా ఇచ్చేయండి. పావలాలు 2011 జూన్ 30తో చెలామణీలోంచి పోయాయి, బ్యాంకులో కూడా మారవు. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, ఎవరైనా ఇస్తే కాదనకండి.

నవ్వకండి గానీ, మీ వైష్ణోదేవి బిళ్ళల కన్నా దిర్హామ్‌లకే విలువెక్కువ. ఒక్కోటి 20 రూపాయల పైమాటే. విదేశీ నాణేలు ఎన్ని దాచుకున్నా మన చట్టం తప్పుపట్టదు. కాకపోతే డబ్బు మార్చేవాళ్లు నోట్లే తప్ప బిళ్ళలు తీసుకోవడం అరుదు.  అందుకని వాటిని గుర్తుగా డబ్బాలోనే ఉంచుకోండి.

డబ్బాలో అసలు సరుకు చార్మినార్ బిళ్ళ. దాని గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. దానిమీద 1330 అని ఉంటే ఏడొందల ఏళ్ల నాటిదనుకోకండి. అది హిజ్రీ లెక్క, మన 1912 ప్రాంతం. నిజాం వెండి రూపాయి బరువు 11 గ్రాముల పైచిలుకు, అందులో వెండి 82 శాతం దాకా ఉంటుంది. కంసాలి వెండి ధర కడతాడు, తరుగు తీస్తాడు. నాణేలు సేకరించేవాళ్లు సంవత్సరం, అరుగుదల చూసి అంతకన్నా ఎక్కువ ఇవ్వొచ్చు. అందుకని ఇద్దరు ముగ్గురికి చూపించండి. చింతపండు పెట్టి మాత్రం తోమకండి, మెరుపు పెరిగి ధర పడిపోతుంది.

ఒక్క మాట. ఆ పిల్లాడి ఇల్లు మీకు తెలిసే ఉంటుంది. అమ్మే ముందు వాళ్ల నానమ్మను అడగండి, పెట్టెలో బిళ్ళ కోసం వెతుకుతోందేమో.