వెన్నులో అమర్చే స్టిమ్యులేటర్‌కు డబ్బు ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. నడుముకు రెండు ఆపరేషన్లయినా కాలి నొప్పి తగ్గలేదు. స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ (వెన్నుపాముకు స్వల్ప విద్యుత్ తరంగాలు పంపి నొప్పి తగ్గించే పరికరం) పెట్టాలంటున్నారు. ట్రయల్‌కు రూ.1.5 లక్షలు, తర్వాత శాశ్వత అమరికకు రీఛార్జబుల్ బ్యాటరీతో రూ.9 లక్షలు, మామూలు బ్యాటరీతో రూ.6.5 లక్షలు అవుతుందట. అమ్మ పేరిట రూ.5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. నడుము సమస్య చెప్పే తీసుకున్నాం, నాలుగో ఏడాది నడుస్తోంది. రూ.4 లక్షల ఎఫ్‌డీ, కొంత బంగారం ఉన్నాయి. పర్సనల్ లోన్ తీసుకోమంటారా? - ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇప్పుడే ఏ అప్పూ వద్దు. ముందు ట్రయల్ కానివ్వండి. తాత్కాలిక తీగలతో వారం అటూ ఇటూ చూసి, నొప్పి కనీసం సగం తగ్గితేనే శాశ్వత అమరికకు వెళ్తారు. తగ్గకపోతే మీ ఖర్చు రూ.1.5 లక్షలతో ఆగుతుంది. కాబట్టి పెద్ద మొత్తానికి ముందే అడ్వాన్సు కట్టకండి.

పాలసీకి ముందే ఉన్న వ్యాధులకు బీమా వర్తించడానికి ఆగాల్సిన కాలం గరిష్ఠంగా 3 ఏళ్లే కనుక ఆ అడ్డు తొలగింది. చిక్కు వేరే చోట ఉంది. ట్రయల్‌ను ‘పరీక్షల కోసం చేరడం’గా చూపి, ఎక్స్‌క్లూజన్ (బీమా వర్తించని ఖర్చుల) కోడ్ 04 కింద క్లెయిం తిరస్కరించవచ్చు. శాశ్వత అమరికను ‘రుజువుకాని చికిత్స’ (కోడ్ 16) అనవచ్చు. బీమా సంస్థలు మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పిన 12 ఆధునిక చికిత్సల్లో మెదడులో అమర్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఉంది గానీ వెన్నులో అమర్చే ఈ స్టిమ్యులేటర్ లేదు. అందుకే రెండు దశలూ ఒకే చికిత్సలో భాగమని, గత ఆపరేషన్లు, వాడిన మందులతో సహా డాక్టరుతో రాయించి, రెండింటికీ ముందే ఆమోదం అడగండి. ట్రయల్ క్లెయిం కూడా అదే రూ.5 లక్షల్లోంచి పోతుంది. అదే జబ్బుకు రెస్టోరేషన్ (అయిపోయిన బీమా మొత్తాన్ని మళ్లీ నింపడం) వర్తిస్తుందో లేదో, కో-పే (బిల్లులో మీరు భరించాల్సిన వాటా) ఎంతో పాలసీలో చూడండి. గది అద్దె పరిమితి దాటితే ఇతర ఖర్చుల్లో కోత పడుతుంది. ఇంప్లాంట్ ధరలో మాత్రం ఆ కోత వేయకూడదు, వేస్తే ఒప్పుకోకండి. పరికరం ఇన్‌వాయిస్, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కరు భద్రపరచండి.

బ్యాటరీ ఎంపికే అసలు లెక్క. మామూలుది వాడకాన్ని బట్టి సుమారు 3-5 ఏళ్లు, రీఛార్జబుల్ 9-10 ఏళ్లు వస్తుంది. మార్చడానికి నేడు రూ.4 లక్షలనుకుంటే, ఏటా 8 శాతం పెరుగుదలతో 5 ఏళ్ల తర్వాత దాదాపు రూ.5.9 లక్షలు. దానికి 6.5 శాతం వడ్డీ ఇచ్చే ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్)లో నెలకు రూ.8,300 వేయాలి. ఆ లెక్కన ఇప్పుడు రూ.2.5 లక్షలు ఎక్కువైనా రీఛార్జబులే మేలు. అమ్మ క్రమం తప్పకుండా ఛార్జింగ్ పెట్టుకోగలగాలి, అదొక్కటే షరతు. అది ఆమెకు భారమైతే మామూలుదే తీసుకుని, ఆర్‌డీ మొదటి నెల నుంచే ప్రారంభించండి. తీగ జరిగిపోవడం, ఇన్‌ఫెక్షన్ రావడం ఈ చికిత్సలో ఉన్న ఇబ్బందులే. మళ్లీ తెరవాల్సి వస్తే బిల్లు ఎవరిదో ఆసుపత్రితో రాయించుకోండి. ఎంఆర్‌ఐకి ఏ షరతులతో వీలవుతుందో కూడా అడగండి.

మొత్తం రూ.10.5 లక్షల్లో బీమా పూర్తిగా ఇచ్చినా రూ.5.5 లక్షలు మీరు పెట్టాలి. ఎఫ్‌డీని రద్దు చేయకండి. దాన్ని హామీగా పెట్టి బ్యాంకు నుంచి ఓవర్‌డ్రాఫ్ట్ (అప్పు)గా 90 శాతం, అంటే రూ.3.6 లక్షలు, డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం అదనంగా కట్టే షరతుతో దొరకవచ్చు. మిగిలిన రూ.1.9 లక్షలకు బంగారంపై రుణం చాలు. పర్సనల్ లోన్ కన్నా రెండూ చౌకే.

క్లెయిం తిరస్కరిస్తే సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారిని) ఏడాదిలోగా ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.